గుండీల డబ్బా

విజయవాడ కృష్ణలంకలో మా టైలరింగ్ కొట్టు వెడల్పు ఎనిమిది అడుగులు. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, గోడ పొడుగునా మేకులకు వేలాడే జాకెట్లు, వాటికి గుండుసూదితో గుచ్చిన కొలతల చీటీలు. బల్ల కింద రెండు రేకు డబ్బాలుంటాయి, ఒకప్పుడు బిస్కెట్లొచ్చినవి. ఒకదాంట్లో హుక్కులు, ప్రెస్ బటన్లు. రెండోదాంట్లో పైన ఒక వరుస గుండీలు, వాటి కింద నిరోధ్ ప్యాకెట్లు, చిన్న చిన్న జెల్ పొట్లాలు.

మా అమ్మకి ఈ రెండో డబ్బా సంగతి తెలుసు. ఎలాగంటే, ఒకసారి నేను భోజనానికి వెళ్లినప్పుడు కొట్లో కూర్చుని, ఎవరి జాకెట్‌కో బటన్ కావాలని ఆ డబ్బా తీసింది. నేనొచ్చేసరికి మూత గట్టిగా నొక్కి ఉంది, దాని మీద కత్తెర కూడా పెట్టి ఉంది. ఆవిడ ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి నన్ను బటన్లు అడగడం మానేసి, కావాల్సినప్పుడల్లా తనే వన్‌టౌన్ వెళ్లి కొనుక్కొస్తుంది. ఇది జరిగి తొమ్మిదేళ్లయింది. మేమిద్దరం దాని గురించి ఒక్క మాట మాట్లాడుకోలేదు.

పగలు నేను టైలర్‌ని. సాయంత్రాలు పీర్ ఎడ్యుకేటర్‌ని, అంటే సాటివాళ్లకి జాగ్రత్తలు చెప్పేవాణ్ణి. మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్లలో హెచ్‌ఐవి పాకకుండా చూసే ప్రాజెక్టు అది. నేనూ వాళ్లలో ఒకణ్ణే. మా వాళ్లు నన్ను అక్కా అంటారు, కొత్తగా వచ్చిన కుర్రాళ్లు అన్నా అంటారు, ఆఫీసు రిజిస్టర్ మాత్రం ఎమ్మెస్సెమ్ అంటుంది, మగవాళ్లతో కలిసే మగవాళ్లకి ఇంగ్లీషులో పొట్టి పేరది. మూడింటికీ పలుకుతాను.

ఇప్పుడిదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా అక్క కొడుకు సంక్రాంతికి వచ్చాడు. వాడు అమెరికాలో నార్త్ కరోలినాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. మా కుటుంబంలో నా సంగతి నోటితో అడిగి తెలుసుకున్నది వాడొక్కడే. భోగి మర్నాడు రాత్రి కొట్టు షట్టర్ సగం దించి కూర్చున్నాం. "మామయ్యా, మీ పని లాంటిదే మా దగ్గర నల్లజాతి గే మగవాళ్ల మధ్య జరుగుతుంది, నీకు తెలుసా?" అన్నాడు. తెలియదన్నాను. ఫోన్‌లో చదివి, తెలుగులో చెప్పడం మొదలెట్టాడు. పన్నెండున్నరకి మా అమ్మ వచ్చి అన్నం చల్లారిపోతోందని కేకేసే దాకా లేవలేదు మేము.

వాడు చెప్పిన మొదటి ముక్కకే నాకు పెద్దమ్మ గుర్తొచ్చింది. అందుకని ముందు పెద్దమ్మ గురించి.

నేను ఈ పనిలో చేరింది 2009లో. మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరమన్న 377 సెక్షన్ మీద, అది నేరం కాదని ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చిన ఏడాది. తీర్పు జులై 2న, నా చేరిక సెప్టెంబర్లో. ఆ రోజుల్లో మా వాళ్లంతా సాయంత్రాలు కలిసే చోటొకటి ఉండేది. ఎక్కడో చెప్పను. ఇప్పటికీ అక్కడికి వెళ్లేవాళ్లున్నారు. అక్కడ మెట్ల మీద ఒక పెద్ద మనిషి కూర్చునేది. మనిషి మగాడే, వయసు అప్పటికే యాభై దాటింది, పగలు ఒక హోటల్లో గిన్నెలు కడిగేది. మాకందరికీ పెద్దమ్మ. కొత్తగా వచ్చినవాడికి పేరు పెట్టేది, ఎవరి కూతురో ఎవరి చెల్లెలో తేల్చేది, తగువు వస్తే తీర్చేది. ఇంట్లోంచి తరిమేస్తే ఆవిడ గదిలోనే రెండు రాత్రులు పడుకునేవాళ్లు. పోలీసు లాఠీ పట్టుకొస్తే ముందు లేచి నిలబడేదీ ఆవిడే.

ప్రాజెక్టు వాళ్లు పీర్ ఎడ్యుకేటర్లను ఎంచుకోవడానికి వచ్చారు. తెలుగు చదవడం, రాయడం రావాలి, ఫారాలు నింపాలి అన్నారు. నాకు ఇంటర్ దాకా చదువుంది, అక్షరం గుండ్రంగా ఉంటుంది. నన్ను తీసుకున్నారు. పెద్దమ్మకి సంతకం రాదు. ఆవిడ పేరు ఎవరూ రాసుకోలేదు.

మొదటి ఆర్నెల్లు నేను చేసిందల్లా కరపత్రాలు పంచడమే. అరవై పేర్ల లైన్ లిస్టు చేతికిచ్చారు. ఎవరు పరీక్షకు వెళ్లాలో, ఎవరికి సిఫిలిస్ పరీక్ష డ్యూ ఉందో అందులో ఉండేది. నేను వెళ్లి "పరీక్ష చేయించుకోవాలమ్మా" అనేవాణ్ణి. వాళ్లు "సరేలే టైలరమ్మా" అని చేతిలో కాగితం మడిచి శనక్కాయలు పోసుకునేవాళ్లు. ఆర్నెల్లలో ఐసీటీసీ, అంటే సర్కారు హెచ్‌ఐవి పరీక్షా కేంద్రం, గుమ్మం ఎక్కించగలిగింది పదకొండు మందిని. వాళ్లలో నలుగురు నేను టీ, పునుగులు ఇప్పిస్తానంటే వచ్చారు.

ఒకరోజు ఓపిక నశించి పెద్దమ్మ పక్కన కూలబడ్డాను. "నా మాట ఒక్కరూ వినట్లేదు పెద్దమ్మా" అన్నాను. ఆవిడ నా సంచీలోంచి ఒక ప్యాకెట్ తీసి, వెలుతురుకి పెట్టి చూసి, "నువ్వు చెప్పేది ఆఫీసు మాటే. నీకే నమ్మకం లేనట్టు చెప్తున్నావ్" అంది. తర్వాత ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవడం మొదలెట్టింది. "ఏమే, ఇలా రా. వానొస్తుందని తెలిశాక గొడుగు అడగడానికి సిగ్గేంటే నీకు?" అంతే. ఆ ఒక్క సాయంత్రం నా సంచీ ఖాళీ అయింది.

కొబ్బరినూనె సంగతీ ఆవిడ ద్వారానే పాకింది. మా వాళ్లలో చాలామంది నిరోధ్ వాడినా, జారడానికి ఇంట్లో ఉన్న కొబ్బరినూనె రాసేవాళ్లు. నూనె తగిలితే ఆ రబ్బరు బలహీనపడి చిరుగుతుంది, నీళ్లలో కలిసే జెల్ వాడాలి అని ట్రైనింగ్‌లో మాకు చెప్పారు. నేను చెప్తే ఎవరూ నమ్మలేదు. దసరా రోజులు, ఘాట్ల దగ్గర బుడగలమ్మేవాళ్లు తిరుగుతున్నారు. పెద్దమ్మ రెండు బుడగలు కొనిపించి, ఊదించి, ఒకదానికి తన జడకి రాసుకునే నూనె పట్టించింది. విగ్గు జడ అది, రాత్రుళ్లు మాత్రమే పెట్టుకునేది. అందరూ చుట్టూ చేరారు. ఒక చేత్తో బుడగని రుద్దుతూ కబుర్లు చెప్తూ కూర్చుంది. కొంతసేపటికి ఫట్‌మని పేలింది. పక్కన ఉన్న ఒకడు భయంతో వెనక్కి పడ్డాడు, మిగతావాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. రెండో బుడగ అలాగే ఉంది. ఆ తర్వాత జెల్ పొట్లాలు నా సంచీలో మిగల్లేదు.

సరే, అమెరికా సంగతి.

మా వాడు చదివింది ఇదీ. జెఫ్రీ కెల్లీ అనే మానసిక శాస్త్రవేత్త 1980ల చివర్లో మిసిసిపీ రాష్ట్రంలో సముద్రపొడ్డున ఉన్న బిలాక్సీ అనే చిన్న ఊళ్లో పని చేశాడు. గే మగవాళ్లు కలిసేది అక్కడి బార్లలో. వాళ్లకు ఎయిడ్స్ గురించి ఎవరు చెప్పాలో ఆయన డాక్టర్లనీ అడగలేదు, సర్కారునీ అడగలేదు. బార్లో గ్లాసులందించేవాళ్లని అడిగాడు. "మీ దగ్గరికి వచ్చేవాళ్లలో ఎవరి చుట్టూ జనం చేరతారో గమనించి చెప్పండి" అన్నాడు. అలా తేలిన మనుషులకే ట్రైనింగ్ ఇచ్చి, ఒక్కొక్కరూ కనీసం 14 మంది స్నేహితులతో మాట్లాడాలని ఒప్పించాడు. వాళ్ల చొక్కాలకి ట్రాఫిక్ లైటు బొమ్మున్న బిళ్ల పెట్టించాడు. "అదేంటి నీ చొక్కా మీద?" అని ఎవరో ఒకరు అడుగుతారు కదా, ఆ ప్రశ్నతో మాట మొదలవుతుందని. 1991లో ఫలితాలు అచ్చయ్యాయి. పోల్చడానికి తీసుకున్న వేరే ఊళ్ల కంటే అక్కడ నిరోధ్ లేకుండా కలవడం తగ్గింది.

నేను మిషన్ మీద చెయ్యేసి కూర్చున్నాను. "ఒరేయ్, ఇది మా పెద్దమ్మే కదరా" అన్నాను.

"ఆగు మామయ్యా, అయిపోలేదు. ఆ బార్లకి వచ్చినవాళ్లు ఎక్కువమంది తెల్లవాళ్లే" అన్నాడు. ఆ పద్ధతిని నల్లజాతి కుర్రాళ్లకు తగ్గట్టు మార్చింది తర్వాత, వాడుండే నార్త్ కరోలినాలోనే, మూడు ఊళ్లలో. 2008లో దాని ఫలితాలు వచ్చాయి. దానికి డీ-అప్ అని పేరు పెట్టారు. బాస్కెట్‌బాల్లో అవతలివాడు బంతితో మీదికొస్తుంటే "డీ-అప్" అని అరుస్తారట, అడ్డుకోమని. నాకు భలే నచ్చింది. మన దగ్గరైతే కబడ్డీ మాటేదో పెట్టాల్సింది. మన ప్రాజెక్టుల పేర్లన్నీ సంస్కృతంలోనో, ఇంగ్లీషు అక్షరాల్లోనో ఉంటాయి, మా వాళ్లలో ఒక్కడికీ నోరు తిరగదు. డీ-అప్‌లో ఇంకో ముక్క కూడా కలిపారు. నిరోధ్ మాట ఒక్కటే చెప్పి ఊరుకోలేదు. నల్లవాడివని బయట చూపే చిన్నచూపు, గే అని సొంత ఇంట్లో చూపే చిన్నచూపు, ఈ రెండూ మనిషిని ఎంత నలిపేస్తాయో కూర్చుని మాట్లాడుకున్నారట. తన మీద తనకే లెక్క లేనివాడు తన ఒంటి గురించి ఏం పట్టించుకుంటాడు?

అప్పుడు మా వాడు చెప్పిన ఒక అంకె విని నేను నమ్మలేదు, రెండోసారి చదవమన్నాను. 2016లో అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ, సీడీసీ, లెక్కగట్టింది. అప్పటి తీరు అలాగే కొనసాగితే అక్కడి నల్లజాతి గే మగవాళ్లలో ఇద్దరిలో ఒకరికి జీవితకాలంలో హెచ్‌ఐవి వస్తుంది. తెల్లజాతి గే మగవాళ్లలో పదకొండు మందిలో ఒకరికి.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, సిగ్గుపడుతూ రాస్తున్నా, "అంత విచ్చలవిడిగా తిరుగుతారా?" మా గురించి ఎవరైనా అలా అంటే కొట్టడానికి వెళ్లేవాణ్ణి నేను. మా వాడు కోప్పడలేదు. గ్రెగోరియో మిల్లెట్ అనే పరిశోధకుడు 2006లో అంతకు ముందు వచ్చిన పరిశోధనలన్నీ గాలించి చూసిన సంగతి చెప్పాడు. నల్లజాతి గే మగవాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువమందితో తిరగడమూ లేదు, నిరోధ్ తక్కువగా వాడటమూ లేదు. మరి తేడా ఎక్కడ? వాళ్లు ఎక్కువగా తమలో తాము కలుస్తారు, ఆ గుంపు చిన్నది. అందులో ఇప్పటికే వైరస్ ఉన్నవాళ్లు ఎక్కువ, వాళ్లలో తమకుందని తెలియనివాళ్లు ఎక్కువ. డాక్టరు దగ్గరికి వెళ్లే దారి, ఇన్సూరెన్సు, మందు తక్కువ. తెల్లవాడు చేసిన తప్పే ఇతనూ చేస్తే ఇతనికి అంటుకునే అవకాశం ఎక్కువ.

"అర్థం కాలేదురా" అన్నాను. నిజంగా కాలేదు.

వాడు కటింగ్ బల్ల మీదున్న చాక్ ముక్క నా చేతికిచ్చాడు. "మీ వాళ్లని గియ్యి. పేర్లొద్దు, చుక్కలు చాలు."

లైనింగ్ గుడ్డ ముక్కొకటి పరిచాను, నల్లది. ముందు నన్ను గీసుకున్నాను. తర్వాత పెద్దమ్మ. తర్వాత మెట్ల దగ్గర వాళ్లు, బస్టాండు వైపు వాళ్లు, ఆటోనగర్ మెకానిక్ కుర్రాళ్లు, గుంటూరు నుంచి ఆదివారాలు పాసింజరు బండెక్కి వచ్చే ఇద్దరు, యాప్‌లో దొరికే ఇంజినీరింగ్ పిల్లలు. ఇరవై ఏడు చుక్కలు వచ్చాయి. ఎవరికి ఎవరితో సంబంధమో నాకు తెలిసినంత వరకు గీతలు గీశాను. గీస్తుంటే నా చెయ్యే ఆగింది. ఒకరినొకరు చూసి మొహం తిప్పుకునే గుంపులు, నువ్వు రోడ్డు మీదవాడివి, నువ్వు ఇంగ్లీషువాడివి అని తిట్టుకునేవాళ్లు, మధ్యలో ఇద్దరు ముగ్గురి ద్వారా అందరూ కలిసిపోయారు. పూలదండలో దారంలాగా. ఒక చుక్క నుంచి ఏడు గీతలు వెళ్లాయి. ఆ కుర్రాడు నా లైన్ లిస్టులో లేడు. అప్పటికి ఒక్కసారి కూడా పరీక్షకి రాలేదు. అడిగితే "నాకేంటన్నా, నేను రోజూ జిమ్‌కి వెళ్తా" అనేవాడు.

ఊరు పెద్దదే, పదిలక్షల పైన జనం. కానీ మేము తాగే బావి ఒకటే. బావి చిన్నదైనప్పుడు ఒక్క చోట కలిసింది అందరికీ చేరుతుంది. అంతసేపూ మా వాడు చెప్పింది అదే.

ఆ గుడ్డ ముక్కని తడిగుడ్డతో తుడిచేశాను, చాక్ కదా, పోయింది. అలాంటి కాగితం ఎవరి చేతిలోనైనా పడితే ఎంతమంది కొంపలు మునుగుతాయో నాకు తెలుసు.

వాళ్లకీ మాకూ అన్నీ ఒకటేనని అనడం లేదు. వాళ్ల అంకెలు వాళ్లవి. బానిసత్వం దగ్గర్నుంచి వచ్చిన గాయం అది, దాన్ని నేను టైలరింగ్ కొట్లో కూర్చుని కొలవలేను. మా దగ్గర రంగు బదులు కులం, చదువు, ఇంగ్లీషు. యాప్ ప్రొఫైళ్లలో కులం పేరు రాసి "వాళ్లు మాత్రమే మెసేజ్ చేయండి" అని పెట్టేవాళ్లని చూశాను. కానీ ఒక్క పోలిక మాత్రం నన్ను కదిలించింది. న్యూయార్క్‌లో నల్లజాతి పిల్లలు, లాటిన్ అమెరికా మూలాలున్న లాటినో పిల్లలు ఇంట్లోంచి గెంటేస్తే హౌస్‌లు అనే గుంపుల్లో చేరతారట. ఒక్కో హౌస్‌కీ ఒక మదర్ ఉంటుంది. పేరు పెట్టేది ఆవిడే, అన్నం పెట్టేదీ ఆవిడే. వాళ్లు అలంకరించుకుని పోటీలు పడే బాల్స్ ఉంటాయి. వాటిలో ఒకదాన్ని అక్కడి ఎయిడ్స్ సంస్థే నడుపుతుంది, పేరు లేటెక్స్ బాల్. లేటెక్స్ అంటే నిరోధ్ రబ్బరే. అక్కడే నిరోధ్‌లు పంచుతారు, పరీక్షలూ చేస్తారు. ఇది విని నేను చాలాసేపు మాట్లాడలేదు. ఎక్కడి న్యూయార్క్, ఎక్కడి కృష్ణ ఒడ్డు మెట్లు. ఇల్లు గెంటేస్తే బిడ్డలు వెతుక్కునేది అమ్మనే.

ఇదంతా బాగుంది కదా అని పొంగిపోకుండా మా వాడు ఇంకోటి కూడా చదివాడు. ఇదే పద్ధతిని అయిదు దేశాల్లో పెద్ద ఎత్తున పరీక్షించారు. చైనా, పెరూ, రష్యా, జింబాబ్వే, మన ఇండియా. మన దేశంలో చెన్నైలో, వైన్ షాపుల్లో. 2010లో ఫలితం వస్తే, ఈ పద్ధతి పెట్టిన చోటికీ పెట్టని చోటికీ తేడా కనబడలేదు. రెండు చోట్లా ప్రమాదం తగ్గింది. పెట్టని చోట కూడా పరీక్షలు, కౌన్సెలింగ్, సుఖవ్యాధులకు మందులు ఇచ్చారు మరి. నేను దీన్ని తేలిగ్గా తీసుకోను. నలుగురిలో పేరున్న మనిషిని పట్టుకుని ట్రైనింగ్ ఇస్తే చాలు, అంతా అదే జరిగిపోతుందనుకుంటే పొరపాటే. ఆ మాట చెప్పాక వెళ్లడానికి క్లినిక్ ఉండాలి, అక్కడ మనిషిలా చూడాలి, మందు ఉండాలి.

మనిషిలా చూడటం గురించి ఒకటి చెప్తాను. పోయిన ఏడాది వేసవిలో ఒక ఆదివారం రాత్రి రెండింటికి ఒక కుర్రాడి నుంచి మెసేజ్. "అన్నా, చిరిగిపోయింది." రెండు పదాలే. చదువుకునే పిల్లాడు, ఇరవై రెండేళ్లు. వెంటనే ఫోన్ చేశాను. ఏడుస్తున్నాడు. అలాంటప్పుడు హెచ్‌ఐవి అంటకుండా వేసుకునే మందులున్నాయి, పెప్ అంటారు, 72 గంటల్లోపు మొదలెట్టాలి, ఎంత త్వరగా మొదలెడితే అంత మంచిది, 28 రోజులు వాడాలి. పొద్దున్నే ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. కౌంటర్ దగ్గర ఉన్నాయన చీటీ చూసి, నిండు క్యూలో, గట్టిగా, "ఏం, ఇద్దరూ మగవాళ్లేనా?" అన్నాడు. వెనక చంటిపిల్లని ఎత్తుకున్నావిడ మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది. కుర్రాడు నా చేయి వదిలేసి బయటికి నడిచాడు. రోగి వివరాలు బయటపెట్టకూడదని, పరీక్షకి ఒప్పుకోలు తీసుకోవాలని 2017లో చట్టమే చేశారు, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. ఆ కౌంటర్ దాకా అది రాలేదు.

ఎండలో బైకు మీద మూడు చోట్ల తిరిగాం. చివరికి ఒక డాక్టరమ్మ, బల్ల మీద ఫ్యాన్ మా వైపు తిప్పి, మంచినీళ్లిచ్చి, ఒక్క వంకర ప్రశ్న అడక్కుండా చీటీ రాసిచ్చింది. మందులు సొంత డబ్బుతో కొన్నాం, సగం నేనే పెట్టుకున్నా. హాస్టల్లో ఎవరైనా చూస్తారని భయపడితే, సీసా మీద లేబుల్ పీకేసి, జిమ్‌లో వాడే ప్రోటీన్ పొడి డబ్బాలో పెట్టుకోమన్నాను. ఇరవై ఎనిమిది రోజులూ రాత్రి తొమ్మిదికి నాకు ఒక చుక్క మెసేజ్ పెట్టాలి, ఉత్త చుక్క. పెట్టాడు. రెండు రోజులు మర్చిపోతే నేనే ఫోన్ చేశా. తర్వాత చేసిన పరీక్షలన్నీ నెగెటివ్. ఇప్పుడు ఆ కుర్రాడే తన స్నేహితులు నలుగురిని తీసుకొచ్చాడు. వాళ్లలో ఒకడు, ఏడు గీతల జిమ్ కుర్రాడు. నేను ఏడాది పాటు వెంటపడితే రానివాడు, తనతో పాటు డంబెల్స్ ఎత్తేవాడు "రారా, నేనూ చేయించుకున్నా" అంటే వచ్చేశాడు.

హెచ్‌ఐవి రాకుండా రోజూ ముందే వేసుకునే మాత్ర కూడా ఉంది, ప్రెప్ అంటారు. అమెరికాలో 2012లోనే అనుమతించారు. లాస్ ఏంజెలిస్, వాషింగ్టన్, మా వాడి పక్క ఊరు చాపెల్ హిల్, ఈ మూడు చోట్ల 226 మంది నల్లజాతి మగవాళ్లకి పక్కన కూర్చుని మాట్లాడి, మిగతా కష్టాలూ పట్టించుకుని ఇస్తే, ఐదుగురిలో దాదాపు నలుగురు మొదలెట్టారట. అలాంటి మందులు మన హైదరాబాద్ కంపెనీలే తయారుచేసి ప్రపంచానికి పంపుతాయి. మా మెట్ల దగ్గర వాళ్లకి మాత్రం అది నెల ఖర్చులో పట్టే సంగతి కాదు.

పెద్దమ్మ దగ్గరికొస్తాను. ఇంతమందిని పరీక్షకి తోలిన మనిషి, తను మాత్రం వెళ్లలేదు. ఎప్పుడడిగినా "నాకెందుకే, ముసలిదాన్ని, నన్నెవడు చూస్తాడు" అని నవ్వేసేది. నేనూ నమ్మేశాను. రిజిస్టర్‌లో పేరు లేదు కాబట్టి ఆవిడ డ్యూ తేదీ ఎప్పుడూ రాలేదు. 2014 చలికాలంలో దగ్గు మొదలైంది, సంక్రాంతికి మనిషి సగమైంది. టీబీ. దాని వెనకాల హెచ్‌ఐవి. ఎప్పటి నుంచో ఉంది. ఆసుపత్రి వరండాలో, సిమెంట్ బల్ల మీద పడుకుని, "నాకుందని తెలిస్తే పిల్లలు నా గదికి రారనుకున్నానే" అంది. ఆ మాటకి నా దగ్గర ఈ రోజుకీ జవాబు లేదు. సంతకం రాదని ఆవిడ పేరు రాసుకోనివాళ్ల మీద కోపం వచ్చింది, తర్వాత నా మీద వచ్చింది.

బతికింది. మొండి ఘటం. టీబీ మందులు పూర్తిచేసింది, హెచ్‌ఐవిని అదుపులో పెట్టే ఏఆర్‌టీ మాత్రలు పదేళ్లుగా తప్పకుండా వేసుకుంటోంది. ఇప్పుడైతే పాజిటివ్ అని తేలిన వెంటనే మందులు మొదలెడతారు, 2017 నుంచి. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో ఆవిడకి వైరస్ కనబడటం లేదు. అలా కనబడకుండా ఉన్నంత కాలం కలయిక ద్వారా ఇంకొకరికి అంటదని దాదాపు 800 గే జంటలను చూసి 2019లో తేల్చారు, మందు వాడే తోడు నుంచి ఒక్కరికీ అంటలేదు. ఇది నేను చెప్పినప్పుడు పెద్దమ్మ, "అయితే ఇప్పుడు నన్నెవడైనా చూస్తే బావుణ్ణు" అంది.

ఇప్పుడు గుంటూరులో తమ్ముడింట్లో ఉంటోంది, కొత్తపేట వైపు. నెలకోసారి వెళ్తాను. మా వాడు అమెరికా తిరిగి వెళ్లే ముందు తనూ వస్తానంటే ఇద్దరం బస్సెక్కి వెళ్లాం. బిలాక్సీ కథ, గ్లాసులందించేవాళ్ల కథ చెప్పించాను. పెద్దమ్మ అంతా విని, "ఆ బార్లో గిన్నెలు కడిగేవాళ్లని అడిగాడా?" అంది. లేదనుకుంటానని మా వాడన్నాడు. "వాళ్లకే ఎక్కువ తెలుస్తుంది" అని, నాకు కట్టిచ్చిన గోంగూర పచ్చడి సీసా మూత ఇంకోసారి బిగించింది.

రాత్రి ఎనిమిదికి కొట్టుకి తిరిగొచ్చాం. అమ్మ షట్టర్ దించుతోంది. రెండో డబ్బా బల్ల మీద ఉంది, కింద ఉండాల్సింది.

"మీ అబ్బాయెవరో వచ్చాడు. పొడుగ్గా ఉన్నాడు. నువ్వు లేవంటే నిలబడి బిక్కమొహం వేశాడు. అందులోంచి ఆరు ఇచ్చాను" అంది అమ్మ, నా వైపు చూడకుండా తాళం వేస్తూ. "సరిపోతాయా?"

సరిపోతాయన్నాను. మా వాడు రోడ్డు వైపు తిరిగి దగ్గు తెచ్చుకున్నాడు. ఇంటికెళ్లి రిజిస్టర్ తీశాను. ఎన్ని ఇచ్చారు అనే గడిలో 6 అని రాశాను. ఎవరిచ్చారు అనే గడి దగ్గర పెన్ను ఆగింది. ఈ నెలాఖరుకి అది ఆఫీసులో ఇవ్వాలి, ఇంకా ఖాళీగానే ఉంది.